లింజర్ కుకీలు: పండుగకు ముందే మొదలుపెట్టాల్సిన జంట బిస్కెట్లు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాల్లో ఆస్ట్రియాలోని ఇళ్లలో రకరకాల చిన్న బిస్కెట్లు కాల్చి డబ్బాల్లో దాచుకుంటారు. వాటిలో లింజర్ కుకీలు చూడగానే గుర్తుపట్టగలిగేవి. రెండు పలుచని బిళ్లల మధ్య పుల్లని ఎర్ర జామ్ ఉంటుంది, పైబిళ్లకు కోసిన రంధ్రాల్లోంచి ఆ జామ్ మెరుస్తూ కనిపిస్తుంది, మిగిలిన భాగమంతా పంచదార పొడితో తెల్లగా ఉంటుంది. లింజ్ నగరం పేరు మీదుగా ప్రసిద్ధమైన లింజర్ టోర్టే అనే జామ్ కేకుకు ఇవి దగ్గరి చుట్టాలు. ఆ టోర్టే తయారీ విధానం 1653 నాటి ఒక చేతిరాత ప్రతిలో ఉంది, ఆ ప్రతి ఆస్ట్రియాలోనే ఉన్న అడ్మాంట్ మఠంలో భద్రంగా ఉంది. సంప్రదాయం ప్రకారం పైబిళ్లకు మూడు చిన్న రంధ్రాలు చేస్తారు కాబట్టి అక్కడివారు వీటిని లింజర్ కళ్లు అని పిలుస్తారు. నక్షత్రం, హృదయం వంటి ఒకే పెద్ద కిటికీ కోయడం కూడా ఇప్పుడు మామూలైపోయింది.

వీటి తయారీలో కష్టమైన పని ఏదీ లేదు గానీ తొందర అసలు పనికిరాదు. పండుగ రోజు ఉదయం పిండి కలిపి, మధ్యాహ్నానికి కాల్చి, సాయంత్రానికి జామ్ నింపి వడ్డించాలనుకుంటే పిండి చల్లబడే వ్యవధి దొరకదు, వేడి బిళ్లల మీద జామ్ జారిపోతుంది, కొరికితే బిళ్ల పెళపెళలాడి జామ్ పక్కలనుంచి బయటికి వచ్చేస్తుంది. జామ్‌లోని తేమ కొంత బిళ్లలోకి పాకి, బిళ్లా జామూ ఒకదానికొకటి పట్టుకున్నాకే ఇది జంట బిస్కెట్ అవుతుంది, అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి వడ్డించే రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం మేలు. జామ్ నింపడం ముందు రోజు, కాల్చడం అంతకు రెండు మూడు రోజుల ముందు, పిండి కలపడం కాల్చడానికి ముందు రోజు రాత్రి అనుకుంటే ఏ రోజూ పని భారం కాదు.

కావలసినవి

ఆస్ట్రియా, జర్మనీ ప్రాంతాల వంటిళ్లలో ఇలాంటి గుల్ల పిండికి ఒక తేలికైన కొలత ఉంది: ఒక వంతు పంచదార, రెండు వంతుల వెన్న, మూడు వంతుల మైదా. ఈ లెక్క గుర్తుంటే పుస్తకం చూడనక్కరలేదు. లింజర్ కుకీల్లో బాదం కూడా చేరుతుంది కాబట్టి మైదా కొద్దిగా తగ్గుతుంది. 35 నుంచి 40 జతల చిన్న కుకీలకు 100 గ్రాముల పంచదార పొడి, 200 గ్రాముల ఉప్పు లేని వెన్న, 250 గ్రాముల మైదా, 80 గ్రాముల బాదం పొడి, రెండు గుడ్ల పచ్చసొనలు, ఒక నిమ్మకాయ తొక్క తురుము, అర చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు లవంగాల పొడి, ఒక చెంచా వెనిలా ఎసెన్స్, పావు చెంచా ఉప్పు సరిపోతాయి. లోపల నింపడానికి 250 నుంచి 300 గ్రాముల జామ్, పైన చల్లడానికి మరికొంత పంచదార పొడి కావాలి. మైదాను కప్పుతో కొలిస్తే అదిమి నింపినప్పుడు ఒక తూకం, వదులుగా నింపినప్పుడు మరో తూకం వస్తుంది కాబట్టి తూకం యంత్రం వాడటం ఎంతో నయం.

బాదం తినకూడని అతిథులు ఉంటే 80 గ్రాముల బాదం పొడికి బదులు 50 గ్రాముల మైదా అదనంగా వేయాలి. అప్పుడు మైదా 300 గ్రాములై, పైన చెప్పిన ఒకటి, రెండు, మూడు వంతుల లెక్క సరిగ్గా కుదురుతుంది. రుచిలో బాదం కమ్మదనం తగ్గినా బిళ్ల గట్టిగా, చక్కగా కోతకు లొంగేదిగా వస్తుంది. గుడ్డు వద్దనుకునేవారు పచ్చసొనలకు బదులు రెండు పెద్ద చెంచాల చల్లని పాలు వేసుకోవచ్చు. సొన ఇచ్చే పసుపు ఛాయ, గుల్లదనం కొంత తగ్గుతాయి, అంతకుమించి తేడా ఏమీ ఉండదు.

బాదం పొడిని ఇంట్లోనే చేసుకుంటే పప్పులను పొట్టుతోనే మిక్సీలో వేయవచ్చు. ఆ పొట్టు చిన్న చిన్న గోధుమరంగు చుక్కలుగా బిళ్లలో కనిపించడం లింజర్ కుకీకి అందమే తప్ప లోపం కాదు. మిక్సీని ఆగకుండా తిప్పితే బాదంలోని నూనె బయటికి వచ్చి పొడి ముద్దకట్టిపోతుంది. దాన్ని నివారించడానికి కొలిచి పెట్టుకున్న మైదాలోంచి రెండు చెంచాలు బాదంతో కలిపి, ఆపుతూ ఆపుతూ తిప్పాలి. నిమ్మతొక్కను తురిమేటప్పుడు పసుపుపచ్చ పైపొర మాత్రమే రావాలి, దాని కింద ఉండే తెల్లని పొర చేదు.

పిండి కలపడం

వెన్న కరిగిపోకూడదు, రాయిలా గట్టిగానూ ఉండకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలికి జిడ్డుగా అంటుకోకూడదు. సుమారు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెన్న ఈ స్థితిలో ఉంటుంది. దానికి పంచదార పొడి, ఉప్పు, నిమ్మతొక్క తురుము చేర్చి, రెండూ కలిసి నున్నగా అయ్యేవరకు మాత్రమే కలపాలి. కేకు చేసేటప్పుడు వెన్నను తెల్లబడి తేలికయ్యేదాకా గిలకొడతాం, ఇక్కడ ఆ పని చేయకూడదు. గిలకొట్టినకొద్దీ వెన్నలోకి గాలి చేరుతుంది, ఆ గాలి ఓవెన్ వేడికి వ్యాకోచించి బిళ్లను ఉబ్బిస్తుంది, కిటికీ అంచులు మొద్దుబారిపోతాయి. ఈ పిండిలో బేకింగ్ పౌడర్ వేయకపోవడానికీ కారణం అదే. ఒకదాని మీద ఒకటి కుదురుగా కూర్చోవలసిన బిళ్లలు చదునుగా ఉండాలి.

తరువాత పచ్చసొనలు, వెనిలా కలిపి, మైదా, బాదం పొడి, మసాలా పొడులు జల్లించి అందులో వేయాలి. పొడి పిండి కనిపించకుండా పోయిన క్షణంలో కలపడం ఆపేయాలి. వెన్నలో ఆరో వంతు దాకా నీరే ఉంటుంది. మైదాకు ఆ నీరు, సొనలోని తేమ తగిలాక పిసికినకొద్దీ గ్లూటెన్ ఏర్పడి పిండి సాగడం మొదలుపెడుతుంది, అలాంటి పిండితో చేసిన బిళ్ల ఓవెన్‌లో కుంచించుకుపోయి గట్టిగా తయారవుతుంది. ముద్ద కొంచెం పొడిపొడిగా అనిపించినా నీళ్లు పోయవద్దు. అరచేతితో నాలుగైదు సార్లు అదిమితే దానంతటదే ఒక్కటవుతుంది.

మొత్తం పనిలో నేను అన్నింటికన్నా ఎక్కువ పట్టుపట్టేది ఈ తరువాతి మెట్టు గురించే. చాలామంది ముద్దను అలాగే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, గంట తరువాత తీసి ఒత్తడానికి కూర్చుంటారు. అప్పటికి వెన్న గట్టిపడి ముద్ద పగుళ్లు వేస్తుంది, మెత్తబడేదాకా ఆగితే అంచులు మెత్తగానూ మధ్య భాగం గట్టిగానూ ఉంటుంది, అంటుకుంటోందని పొడి పిండి చల్లితే బిళ్ల తెల్లగా, ఎండిపోయినట్టు కాలుతుంది. అందుకు బదులుగా ముద్ద కలిపిన వెంటనే, అది మెత్తగా ఉన్నప్పుడే, రెండు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని రెండు బేకింగ్ కాగితాల మధ్య పెట్టి 3 మిల్లీమీటర్ల మందంతో ఒత్తేయాలి. ఆ తరువాత కాగితాలతో సహా ఒక పళ్లెం మీద పరిచి ఫ్రిజ్‌లో ఉంచాలి. పలుచని పొర ముద్దకన్నా త్వరగా చల్లబడుతుంది, పొడి పిండి అవసరమే రాదు, మరునాడు తీసి నేరుగా కోసుకోవచ్చు. కనీసం గంట, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండాలి. ఆలోగా మైదా తేమను పూర్తిగా పీల్చుకుంటుంది, మసాలాల వాసన వెన్నకు పడుతుంది.

మందం అంతటా ఒకేలా రావాలంటే 3 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు కర్రబద్దలను పిండికి అటూ ఇటూ పెట్టి, అప్పడాల కర్ర చివరలు వాటి మీద దొర్లేలా ఒత్తితే సరిపోతుంది. మందం పెరిగితే రెండు బిళ్లలు కలిశాక నోటికి పిండి తప్ప జామ్ తెలియదు. మరీ తగ్గితే కిటికీ కోసిన పైబిళ్ల ఎత్తేటప్పుడే విరిగిపోతుంది.

కోయడం, కాల్చడం

చల్లని పిండి మీది పై కాగితాన్ని ఒకసారి ఊడదీసి మళ్లీ వదులుగా కప్పి, మొత్తాన్ని తిరగేసి, అప్పుడు రెండో కాగితం తీస్తే కోసిన బిళ్లలు అడుగున అంటుకోకుండా లేస్తాయి. సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కట్టర్ ఈ కుకీలకు చక్కగా నప్పుతుంది. అన్ని బిళ్లలూ కోసి ట్రేలో అమర్చిన తరువాతే సగం బిళ్లలకు చిన్న కట్టర్‌తో కిటికీలు కోయాలి. ముందే కిటికీ కోసి తరువాత బిళ్లను ఎత్తితే గుండ్రని ఉంగరం కోడిగుడ్డు ఆకారానికి సాగిపోతుంది, అది అడుగుబిళ్లతో కలవదు. కిటికీకీ బయటి అంచుకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు పిండి మిగలాలి. అడుగుబిళ్లలూ పైబిళ్లలూ సమానంగా ఉన్నాయో లేదో ఈ దశలోనే లెక్కపెట్టుకోవాలి. మిగిలిన ముక్కలను పిసకకుండా దగ్గరికి చేర్చి మళ్లీ ఒత్తి చల్లబరచవచ్చు గానీ, రెండోసారి దాటితే బిళ్లలు గట్టిపడతాయి.

పని మధ్యలో పిండి మెత్తబడి కట్టర్‌కు అంటుకుంటే పోరాడవద్దు, పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. కోసిన బిళ్లలను ట్రేతో సహా పదిహేను నిమిషాలు మళ్లీ చల్లబరిచి ఓవెన్‌లో పెట్టడం మంచిది. వెన్న దాదాపు 32 నుంచి 35 డిగ్రీల మధ్యనే పూర్తిగా కరిగిపోతుంది. చల్లని బిళ్లలో వెన్న కరగడం ఆలస్యమై, ఆలోగా అంచులు కాస్త గట్టిపడతాయి కాబట్టి కోసిన ఆకారం నిలుస్తుంది.

ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్‌కు ముందుగానే వేడి చేసి, ట్రేను మధ్య అరలో ఉంచి 10 నుంచి 12 నిమిషాలు కాల్చాలి. ఫ్యాన్ నడిచే ఓవెన్ అయితే వేడిని 150కి తగ్గించాలి. అడుగుబిళ్లలకు ఒక ట్రే, కిటికీ ఉన్న పైబిళ్లలకు వేరే ట్రే వాడాలి. కిటికీ వల్ల లోపలి అంచుకు కూడా వేడి తగులుతుంది కాబట్టి పైబిళ్లలు ఒకటి రెండు నిమిషాలు ముందుగానే సిద్ధమవుతాయి, రెండింటినీ ఒకే ట్రేలో పెడితే ఏదో ఒకటి చెడుతుంది. నల్లని ట్రేలు వేడిని ఎక్కువగా పీల్చుకుని అడుగు త్వరగా మాడుస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. అంచులకు లేత బంగారు రంగు వచ్చి, మధ్య భాగం పాలిపోయినట్టు ఉండగానే బయటికి తీయాలి. అప్పుడు బిళ్ల మెత్తగా ఉందని, ఇంకా కాలలేదని అనుమానం వస్తుంది. ట్రేలోనే ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే గట్టిపడుతుంది. తరువాత జాగ్రత్తగా తీసి జాలీ మీద పూర్తిగా చల్లారనివ్వాలి.

జామ్ సంగతి

సంప్రదాయంగా ఆస్ట్రియాలో దీనికి రెడ్‌కరెంట్ జామ్ వాడతారు, రాస్ప్‌బెర్రీ జామ్ కూడా అంతే బాగుంటుంది. వెన్న, బాదం ఉన్న బిళ్లకు ఎదురు నిలవగల పులుపు ముఖ్యం, పండు పేరు ఆ తరువాతి మాట. తీపి మాత్రమే ఉన్న జామ్ అయితే ఒక చెంచా నిమ్మరసం చేర్చాలి. గింజలున్న జామ్‌ను కాస్త వేడి చేసి జల్లెడలో వడకడితే కిటికీలో గాజులా మెరుస్తుంది.

సీసాలోంచి తీసిన జామ్‌ను నేరుగా రాయకూడదు. మామూలు జామ్‌లో దాదాపు మూడో వంతు నీరే కాబట్టి అది బిళ్లను ఒక రోజులోనే నానబెట్టి చిరిగిపోయేలా చేస్తుంది. చిన్న గిన్నెలో సన్నని మంట మీద కలుపుతూ నాలుగైదు నిమిషాలు మరిగించి, ఫ్రీజర్‌లో ముందే పెట్టిన చల్లని పళ్లెం మీద ఒక చుక్క వేసి చూడాలి. అర నిమిషం తరువాత వేలితో తోస్తే చుక్క మీద ముడతలు పడాలి, వేలు తీసిన దారి మళ్లీ మూసుకుపోకూడదు. ఇంకా మరిగిస్తే చల్లారాక జామ్ పంటికి అంటుకునే పాకంలా మారుతుంది, కాబట్టి ఆ గుర్తు కనిపించగానే దించేయాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు వాడితే అది తనంతట తాను చదునుగా పరుచుకుంటుంది.

నింపడానికి ముందు పైబిళ్లలన్నింటినీ వేరుగా పరిచి, వాటి మీద పంచదార పొడిని సన్నని జల్లెడతో చల్లేయాలి. జత కలిపిన తరువాత చల్లితే పొడి కిటికీలోని జామ్ మీద పడి కరిగి, మెరుపును మసకబారుస్తుంది. అడుగుబిళ్లను తిరగేసి, ట్రేకు ఆనిన చదునైన వైపు పైకి వచ్చేలా పెట్టి, మధ్యలో అర చెంచా నుంచి ముప్పావు చెంచా వరకు జామ్ వేసి, అంచుకు అర సెంటీమీటరు దూరం వదిలి పరచాలి. పంచదార చల్లిన పైబిళ్లను అంచులు పట్టుకుని ఎత్తి, మీద పెట్టి, జామ్ అంచుదాకా వచ్చేలా మెల్లగా నొక్కాలి. కిటికీ లోతుగా కనిపిస్తే చిన్న చెంచాతో మరో చుక్క జామ్ వేయవచ్చు. నింపిన జతలను ఒకే వరుసలో రెండు గంటలు ఆరనిచ్చి, జామ్ పైన పలుచని పొర కట్టాకే డబ్బాలో పెట్టాలి.

జామ్‌కు బదులు చాక్లెట్ కావాలనుకుంటే 150 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కల మీద 75 మిల్లీలీటర్ల వేడి క్రీమ్ పోసి, రెండు నిమిషాలు ఆగి కలిపి, చెంచాకు గట్టిగా నిలిచేదాకా చల్లార్చి వాడవచ్చు. అయితే దీన్ని లింజర్ అనడానికి నాకు మనసొప్పదు, పులుపు లేని చోట ఆ మసాలా బిళ్ల ఒంటరిదైపోతుంది. చాక్లెట్ మీద మక్కువ ఉంటే మరో దారి ఉంది. అడుగుబిళ్ల లోపలి వైపు కరిగించిన డార్క్ చాక్లెట్‌ను పలుచగా పూసి, అది గట్టిపడ్డాక దాని మీద జామ్ వేయాలి. చాక్లెట్‌లోని కొవ్వు తేమను అడ్డుకుంటుంది కాబట్టి అడుగుబిళ్ల మరికొన్ని రోజులు కరకరలాడుతూనే ఉంటుంది, రుచిలో పులుపూ మిగులుతుంది.

దాచడం

ఒత్తిన పచ్చి పిండి పొరలను గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో రెండు నెలల వరకు ఉంచవచ్చు, వాడే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి మారిస్తే చాలు. కాల్చిన ఉత్త బిళ్లలు గాలి చొరని డబ్బాలో రెండు వారాలు బాగుంటాయి. జామ్ నింపిన జతలు మరునాటికి అన్నింటికన్నా రుచిగా ఉంటాయి, మూడు నాలుగు రోజులదాకా బాగుంటాయి, ఆ పైన మెత్తబడుతూ పోతాయి. చల్లని చోట బయటే పెట్టుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చల్లని బిళ్లల మీద తేమ చేరి పైన చల్లిన పంచదార తడిసి పోతుంది. క్రీమ్ కలిపిన చాక్లెట్ నింపినవాటిని మాత్రం ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

డబ్బాలో పేర్చేటప్పుడు వరుసకూ వరుసకూ మధ్య బేకింగ్ కాగితం వేయాలి, రెండు మూడు వరుసలకు మించకూడదు. వేరే కరకరలాడే బిస్కెట్లను ఇదే డబ్బాలో పెడితే జామ్ తేమకు అవి కూడా మెత్తబడతాయి. ఎవరికైనా కానుకగా పంపాలంటే, దారిలో ఎన్ని రోజులు పడుతుందో తెలియనప్పుడు బిళ్లలనూ చిన్న సీసాలో మరిగించిన జామ్‌నూ విడివిడిగా పంపడం మంచిది. దాచిన ఉత్త బిళ్లలు వాన రోజుల్లో మెత్తబడితే 150 డిగ్రీల ఓవెన్‌లో నాలుగైదు నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారాక జామ్ నింపుకోవచ్చు.